భయమున్నవాళ్ళకే గుర్రం

పోయిన వారం మా ఫిజియోథెరపీ సెంటరుకి ఒక పెళ్ళికొడుకు వచ్చాడు. తోడుగా ఒక స్నేహితుడు, చేతిలో శుభలేఖల సంచి. కౌంటరు ముందు నిలబడి నన్ను అడిగాడు: "మేడమ్, పెళ్ళికొడుకులకి గుర్రం మీద కూర్చునేది నేర్పించే సాయిబు ఈడికే వస్తాడంట గదా. ఎన్ని గంటలకి వస్తాడు?"

"ఆయన చనిపోయారండీ," అన్నాను.

అతను లోపలి గదిలో కిటికీ పక్కనున్న మిషను వైపు చూసి, "మిషను ఉండాది గదా. మీరే నేర్పించండి," అన్నాడు. స్నేహితుడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మిషనుని ఆన్ చేయడం, ఆపడం నాకు వచ్చు. ఆయన దాని ముందు నిలబడి చేసినవి మాత్రం నా వల్ల కావు. "నాకు రాదండీ," అని తల దించుకున్నాను. ఎవరినైనా ఊరికే పంపించేస్తే ఆ తర్వాత వాళ్ళకి ఏమవుతుందోననే గుబులు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. ఆయనకీ ఉండేది. నాకు తెలిసిన మనుషుల్లో నాకంటే ఎక్కువ భయపడే మనిషి ఆయనొక్కరే.

మా సెంటరు కడపలో ఉంది. డాక్టరమ్మ వైద్యం చేస్తారు. నేను పేర్లు రాసుకుంటాను, వేడి కాపడం పెడతాను, కసరత్తు మిషన్ల దగ్గర నిలబడతాను. వాటిలో ఒకటి గుర్రం మిషను. తలా తోకా ఉండవు. జీను ఆకారంలో ఒక సీటు, ముందర పట్టుకునే పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి రెండు రికాబులు, పిడి మీద బొటనవేలికి అందేలా ఎర్ర బటను. ఆన్ చేస్తే సీటు ముందుకీ వెనక్కీ పక్కలకీ ఊగుతుంది. పడిపోకుండా ఉండడానికి ఒళ్ళు తనంతట తానే సర్దుకుంటూ ఉంటుంది, అందువల్ల నడుమూ తుంటీ గట్టిపడతాయి. నడుము నొప్పి ఆడవాళ్ళూ, తూలి పడతామేమోనని భయపడే ముసలివాళ్ళూ దాని మీద కూర్చుంటారు. మొదట్లో సిగ్గుపడతారు. రెండో వారానికి టీవీలో సీరియల్ చూస్తూ ఊగుతుంటారు.

ఆయన మొదటిసారి వచ్చింది మోకాళ్ళ నొప్పికి. పలచటి మనిషి, తెల్ల టోపీ, చీలమండల పైకి పైజామా. పెళ్ళి మెరవణులకి గుర్రం బాడుగకిచ్చే సాయిబని అందరికీ తెలుసు. కుర్చీ చూపిస్తే వెంటనే కూర్చోలేదు. దాని నాలుగు కాళ్ళూ చేత్తో కదిపి చూసి కూర్చున్నారు. తల మీద ఫ్యాను కొంచెం ఊగుతుంటే లేచి పక్క కుర్చీకి మారారు. డాక్టరమ్మ ఆయన్ని గుర్రం మిషను ఎక్కమన్నారు. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"దీనికి చెవులు లేవు గద తల్లీ," అన్నారు.

"చెవులెందుకు తాతా, ఇది కసరత్తుకి," అన్నారు డాక్టరమ్మ.

"చెవులు చూడకుండా నేను దేన్నీ నమ్మను. ఏం ఆలోచిస్తాందో ఎట్లా తెలుస్తాది?"

"అది ఏమీ ఆలోచించదు."

"అదే గద తల్లీ నా భయం," అన్నారాయన. ఎక్కలేదు. ఎన్నడూ ఎక్కలేదు. ఆ మాటకొస్తే ఆయన తన గుర్రం మీద ఎక్కడం కూడా ఎవరూ చూడలేదు. ఎంత దూరమైనా కళ్ళెం పట్టుకుని పక్కనే నడిచేవారు.

కానీ ఆ మిషను ఆయన మనసులో పడింది. మా వైపు పెళ్ళికొడుకులకి గుర్రం మోజు ఈమధ్య బాగా పెరిగింది. నికాలకి ముందునుంచీ ఉండేదే, ఇప్పుడు అందరి పెళ్ళిళ్ళలోనూ కావాలి. ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు గుర్రాన్ని తాకి కూడా ఉండరు. నెల తిరక్కుండానే ఆయన ఒక పెళ్ళికొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. "రోగుల్లేని టయానికి ఈ అబ్బోణ్ణి దీని మీద రోంతసేపు కూర్చోబెట్టుకుంటా తల్లీ," అని డాక్టరమ్మని అడిగారు. ఆమె నవ్వి ఒప్పుకున్నారు. "ఇది నడుముని గట్టి చేస్తుంది తాతా, అంతే. గుర్రం ఎక్కడం దీని మీద రాదు," అని మాత్రం హెచ్చరించారు. "అంతే తల్లీ. నడుము నువ్వు చూడు, మిగతాది నేను భయపడతా," అన్నారాయన.

అలా సాయంత్రాలు పెళ్ళికొడుకులు రావడం మొదలైంది. వచ్చిన ప్రతివాణ్ణీ ఆయన మొదట అడిగేది ఒకే మాట: "భయమా?"

ఒకసారి కండలు తిరిగిన కుర్రాడు ఒకడు, "నాకేం భయం సాయిబూ, బుల్లెట్ మీద తిరుపతి పోయొచ్చినా," అన్నాడు.

"అయితే బుల్లెట్ మీదనే పో నాయనా పెండ్లికి. నా గుర్రం ఇయ్యను."

"ఏంది సాయిబూ, అడ్వాన్సు తీసుకుని!"

"అది గూడా తీసుకుపో. భయం లేనోనికి గుర్రం ఇస్తే నాకు అన్నం దిగదు."

ఆ కుర్రాడు తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నేను పరదా వెనక తువ్వాళ్ళు మడతపెడుతూ అదంతా విన్నాను. మా ఇంట్లో నన్ను పిరికిదానివనీ, చీకటి పడితే పుస్తకంలో దూరిపోతావనీ వెక్కిరిస్తారు. భయాన్ని ఒక అర్హతలాగా అడిగే మనిషిని అప్పుడే మొదటిసారి చూడడం.

భయమని ఒప్పుకున్నవాణ్ణి మిషను ఎక్కించి, నన్ను ఆన్ చేయమనేవారు. తను మిషను ముందు, తల ఉండాల్సిన చోట నిలబడి, రెండు అరచేతులూ టోపీకి ఇరుపక్కలా నిలబెట్టేవారు. అవి చెవులు.

"ఇప్పుడు నా చెవులు యాడ చూస్తాండాయి?"

"ముందరికి."

ఒక అరచెయ్యి పక్కకి తిరిగేది. "ఇప్పుడో?"

"ఆ మూలకి."

"ఆ మూల ఏముండాది?"

"నీళ్ళ క్యాను."

"నీకది నీళ్ళ క్యాను. దానికి ఎలుగుబంటి. ఏం చేస్తావు?"

"ఎర్ర బటను నొక్కుతా," అన్నాడొకడు. నేను ఆపుకోలేక నవ్వాను. ఆయన నవ్వలేదు. "నొక్కుతావు నాయనా. నిజంగానే నొక్కుతావు. అదే నాకు దిగులు," అన్నారు.

మిషనుకీ గుర్రానికీ తేడా ఆయన చాలారకాలుగా చెప్పేవారు. మిషను మీద ఒక్కడే ఉంటాడు, గుర్రం మీద ఇద్దరుంటారు. ఇద్దరిలో ఒకరు బెదిరితే రెండోవాళ్ళు బెదరకుండా ఉండాలి. ఇద్దరూ ఒకేసారి బెదిరితే... అక్కడ ఆపేసి చెయ్యి గాల్లో ఊపేవారు. ఆ వాక్యాన్ని ఆయన పూర్తిచేయగా నేను వినలేదు. అంతకుముందు ఎవరికేమైందో, అసలేమైనా అయిందో లేదో అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఆ పెళ్ళికొడుకుల వరసలో మా అన్న కూడా వచ్చాడు.

అన్నకి బైకు ప్రమాదంలో కుడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది గానీ నడకలో కుంటు మిగిలిపోయింది. మళ్ళీ అదే చోట దెబ్బ తగిలితే ఈసారి నిలబడడం కష్టమని ఆపరేషను చేసిన డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి అన్న ఏ ఫంక్షనుకైనా అందరికంటే ముందే పోయి కుర్చీలో కూర్చునేవాడు, అందరూ పోయాక లేచేవాడు. పెళ్ళి కుదిరింది. వదినవాళ్ళ నాన్నది కడప బండల వ్యాపారం. అల్లుడు గుర్రం మీద రావాలని ఆ మామగారు అడగగానే అన్న ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఎందుకో నాకొక్కదానికే అర్థమైంది. గుర్రం మీద ఉన్నవాడి నడక ఎవరికీ కనిపించదు. నాకేమో కళ్ళు మూసినా తెరిచినా ఆ రాడ్డే కనిపించేది. గుర్రం బెదిరితే, అన్న పడితే, ఆ కాలి మీదే పడితే?

సాయిబు మా అన్నని కూడా అదే అడిగారు. "భయమా?"

అన్న అటూ ఇటూ చూశాడు. పరదా వెనక నేను ఉన్నానని తెలియదనుకుంటాను. "భయమే తాతా," అన్నాడు చిన్నగా. ఆ మాట అన్న నోటినుంచి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"అయితే ఇస్తా," అన్నారాయన.

మిషను మీద అన్న అందరికంటే బాగా కూర్చున్నాడు. కాలి వైద్యానికి నెలల తరబడి దాని మీద ఊగినవాడు. ఎంత వేగం పెట్టినా మోకాళ్ళతో సీటుని బిగించి పట్టుకుని కదలకుండా ఉండేవాడు. డాక్టరమ్మ కూడా మెచ్చుకున్నారు. ఆ ధైర్యంతోనే ఒక ఆదివారం పొద్దున ఇస్కూలు గ్రౌండులో నిజం గుర్రం ఎక్కించారు. తెల్ల ఆడగుర్రం, పేరు చాందినీ. పెళ్ళిళ్ళలో పెరిగింది కాబట్టి బ్యాండు మోగితే నడుస్తుంది, ఆగితే ఆగుతుంది. ఆ రోజు బ్యాండు లేదు. ఆయన ఫోనులో పాట పెట్టి జేబులో వేసుకుని కళ్ళెం పట్టారు.

నాలుగడుగులు వేసిందో లేదో చాందినీ నడక పెంచింది. అన్న మోకాళ్ళు బిగించాడు. అది ఇంకా పెంచింది. అన్న కుడి బొటనవేలు జీను ముందుభాగాన్ని గబగబా తడుముతోంది. దేనికోసమో నాకు అర్థమైంది. ఎర్ర బటను కోసం.

"వదులు నాయనా, తొడలు వదులు!" ఆయన పక్కన పరిగెత్తుతూ అరుస్తున్నారు. "నువ్వు పడతానని బిగిస్తాండావు, అది పొమ్మంటాండావనుకుని పోతాంది!"

అన్న వదిలాడు. అది నెమ్మదించింది. ఆయన దాని మెడ మీద తల ఆనించి చాలాసేపు రొప్పారు. దిగాక అన్న నవ్వుతూనే ఉన్నాడు గానీ ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "మిషను మీద గట్టిగా పట్టుకోమని నేనే చెప్పినా," అన్నారు నాతో. "అది పడేయకుండా ఉండే పట్టు. దీనికేమో అది పరిగెత్తమనే మాట. రెండూ ఒకటే అనుకున్నా పాపా."

మర్నాడే సెంటరుకి వచ్చి కొత్త పద్ధతి పెట్టారు. మిషను మీద కూర్చున్నవాడి మోకాళ్ళకీ సీటుకీ మధ్య రెండు పేపరు ముక్కలు పెట్టి ఆన్ చేయమనేవారు. ముక్కలు కింద పడిపోతే పాసైనట్టు. పట్టు సడలించి కూడా పడిపోకుండా ఉండడం అన్నకి పది రోజులు పట్టింది.

పెళ్ళిరోజు పొద్దున్నే ఆయన కర్ర పట్టుకుని మెరవణి దారంతా నడిచి చూసుకొచ్చారు. కరెంటు తీగలు ఎంత ఎత్తున ఉన్నాయో, ఎక్కడ కుక్కలున్నాయో, ఏ మలుపులో పటాకులు కాల్చొద్దో అన్నీ అన్న స్నేహితులకి చెప్పారు. వాళ్ళు వెనక నవ్వుకున్నారు. "గుర్రానికి హెల్మెట్ గూడా పెడతావా సాయిబూ?" అన్నాడొకడు. "దొరికితే పెడతా," అన్నారాయన.

సాయంత్రం అంతా బాగానే జరిగింది. అన్న నిటారుగా కూర్చున్నాడు. మోకాళ్ళు వదులుగా ఉన్నాయి. నేను పక్కనే నడుస్తూ మాటిమాటికీ వాటినే చూస్తున్నాను. ఒక వీధి దాటింది, రెండో వీధి దాటింది, నా గుండె కొంచెం కుదుటపడింది. వదినవాళ్ళ ఇల్లు కనిపించింది. పెళ్ళి కోసం ఇంటి ముందు రోడ్డు దాకా కొత్తగా నల్ల బండలు పరిపించారు. బాగా పాలిషు పట్టినవి, ఆ ఇంటి గొప్ప అవి. మెరవణి వస్తోందని తెలిసి దుమ్ము అణగడానికి అప్పుడే బిందెలతో నీళ్ళు చల్లారు. సీరియల్ బల్బులన్నీ ఆ బండల్లో తలకిందులుగా వెలుగుతున్నాయి.

ఆయన చెయ్యెత్తారు. బ్యాండు ఆగింది. చాందినీ ఆగింది.

"దిగల్ల నాయనా. ఈడ దిగల్ల."

వదిన చిన్నాన్న ముందుకొచ్చాడు. "ఏంది సాయిబూ? వాకిలి దాకా రావల్ల. వీడియో తీస్తాండారు."

"బండలు తడిసుండాయన్నా. దీని కాళ్ళకి ఇనుప నాడాలు."

"మా బండల మీద లారీలు తిరుగుతాయప్పా!"

"లారీ బెదరదు గదన్నా."

జనం నవ్వారు. ఎవరో వెనకనుంచి, "పెండ్లికొడుక్కి లేని భయం నీకేందప్పా?" అని అరిచారు.

"నాకే. నాకే భయం," అన్నారాయన.

అన్న జీను మీద నుంచి బాగా కిందికి వంగాడు. ఆ మాట ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ వినిపించలేదు. "వాకిలి దాకా పోనీ తాతా. రోంత దూరమే. నీకు దండం పెడతా."

ఆయన మా అన్న ముఖంలోకి చూడలేకపోయారు. "నేను తీసుకుపోలేను నాయనా," అన్నారు.

అన్న దిగాడు. వీడియో లైటు అతని మీద పడింది. కొత్త చెప్పులు, తడి బండలు, ఎటు చూసినా జనం. ఇప్పుడు అన్న జారితే? చేతిలోని పళ్ళెం ఎవరికో ఇచ్చి నేను ముందుకి వెళ్ళి చెయ్యి అందించాను. అంతమంది చూస్తుండగా నేను అలా వెళ్ళడం అదే మొదలు. అన్న నా చెయ్యి పట్టుకున్న పట్టుకి గాజు ఒకటి చిట్లింది. ఒక అడుగు, కుంటు, ఒక అడుగు, కుంటు. బ్యాండు మోగడం లేదు కాబట్టి చెప్పుల చప్పుడు కూడా అందరికీ వినిపించింది. "కాలికేమైంది?" అని ఎవరో ఆడమనిషి అడగడం, ఇంకెవరో "ష్" అనడం కూడా వినిపించాయి.

మేము వాకిట్లో కూర్చున్నాక వదినవాళ్ళ కుర్రాళ్ళు ఫోటో కోసమని చాందినీని ఆ బండల మీదుగా నడిపించుకొచ్చారు. ఆయన వద్దు వద్దని వెంట వస్తూనే ఉన్నారు. అది చక్కగా నడిచింది. ఒక్క కాలు కూడా జారలేదు. ఫోటో దిగి చక్కగా వెనక్కి వెళ్ళింది.

"చూసినావా?" అన్నాడు అన్న నాతో. అంతకంటే ఒక్క మాట అనలేదు.

తర్వాత ఆయన ఖర్జూరాల పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. అన్న గదిలోంచి బయటికి రాలేదు. ఆయన సెంటరులో ఉండే సాయంత్రాలు అన్న అటువైపు రావడం మానేశాడు. ఒకరోజు నేనే ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు గుర్రం జారలేదు కదా తాతా?"

"జారుతాదని నేననలేదు పాపా. భయమైతాందన్నా." కాసేపు పేపరు ముక్కలు ఏరుకున్నారు. "దింపకపోతే ఏమయ్యేదో ఎవరికి తెలుసు? ఏమీ కాకపోయి గూడా ఉండచ్చు. మీ అన్న తిట్టుకోనీలే."

ఆ జవాబు నాకు ఊరట ఇవ్వలేదు. ఆయనకీ ఇచ్చినట్టు లేదు. చివరిదాకా అలాగే ఉన్నారు. రోడ్డు దాటే ముందు రెండు వైపులా చూసి, దాటబోయి, మళ్ళీ ఆగి చూసేవారు.

మధ్యాహ్నం నమాజు చేసుకుని పడుకున్న మనిషి లేవలేదని సెంటరుకి ఫోను వచ్చింది. ఇంటికి వచ్చి అమ్మతో చెబుతుంటే అన్న అన్నం తింటూనే ఉన్నాడు. మూడో రోజు బైకు బయటికి తీసి, "ఎక్కు," అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

దర్గా వెనక సందులో చిన్న ఇల్లు. వాకిట్లో చాందినీ మేత ముట్టకుండా ఊరికే నిలబడి ఉంది. ఆయన భార్య, భర్త పోయాక పాటించే ఇద్దత్తులో ఉన్నారు కాబట్టి బయటి మగవాళ్ళకి కనబడరు. అన్న వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. నేను పరదా దాటి లోపలికి పోయి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. ఎవరని ఆమె అడిగితే చెప్పాను. బండల వ్యాపారి అల్లుడంటే ఆమెకి గుర్తు రాలేదు.

బయటనుంచి అన్న గొంతు వచ్చింది. "నన్ను వాకిలి ముందర దింపినాడమ్మా. అందరూ చూస్తాంటే." మూడేళ్ళుగా లోపల ఉన్న మాట, పరామర్శకి వచ్చిన చోట అలా అనేశాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఉన్నట్టుండి నవ్వారు. "నిన్నొక్కణ్ణేనా నాయనా? సొంత బిడ్డ పెండ్లిలో మా అల్లుణ్ణే దింపినాడు. మజీదు మలుపు కాడ. ఎవరో పటాకులు కాలుస్తారేమో అని. షేర్వానీ ఎత్తి పట్టుకుని నడుచుకుంటా వచ్చినాడు పిల్లోడు. ఏడాది మా ఇంట్లో నీళ్ళు తాగలే."

బయటనుంచి అన్న మెల్లగా అడిగాడు. "మీ అల్లునికి... కాలు ఏమన్నా బాగలేదా?"

"కాళ్ళకేం నాయనా, దుక్క మాదిరి ఉండాడు. కబడ్డీ ఆడేటోడు." ఎందుకు అడిగాడో ఆమెకి తెలియదు. పరదాకి ఇవతల ఉన్నారు, అన్న నడిచి రావడం ఆమె చూడలేదు. "ఎంతమందిని దింపినాడో లెక్క లేదు. కట్టె పుల్ల అడ్డమొస్తే దింపేటోడు. వాళ్ళొచ్చి ఈ వాకిట్లో నిలబడి తిడతాంటే తలకాయ వంచుకుని వినేటోడు. నేనూ తిట్టినా, ఇట్లయితే గుర్రం ఎవరు తీసుకుంటారని. 'తిట్టనీలే, తిట్టనీకి వచ్చినోళ్ళంతా వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు నడిచే వచ్చినారు గదా' అనేటోడు."

పరదా నేలకి జానెడు పైకి ఉంది. నేను కూర్చున్న చోటికి అన్న కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఎవరింటికి పోయినా కుర్చీ కిందికి ముడుచుకునే కుడికాలు, వసారాలో బారుగా చాపుకుని ఉంది.